చిన్న ఆఫీసుకి ఫైర్‌వాల్: ముందు కాగితం, తర్వాత పెట్టె

ఖోబర్‌లోనో, దమ్మాంలోనో, జెద్దాలోనో మనవాళ్ళు నడిపే చిన్న ఆఫీసు ఒకటి ఊహించుకోండి. రెండు గదులు, ఐదారు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడ మూల రెండు కెమెరాలు, అల్మారా మీద ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్. ఏసీల మెయింటెనెన్స్ కావచ్చు, కార్గో కావచ్చు, ట్రావెల్స్ కావచ్చు. నెట్‌వర్క్ భద్రత గురించి అడిగితే ఎవరైనా ఒకటే మాట అంటారు: "మా దగ్గర ఏముందండీ, ఎవరైనా ఎత్తుకుపోవడానికి?"

ఉంది. ఆ కంప్యూటర్లలో ఒకదానిలో ఒక ఫోల్డర్ ఉంటుంది. పనివాళ్ళ పాస్‌పోర్టు కాపీలు, ఇఖామా కాపీలు, జీతం పడే ఖాతా నంబర్లు, ఊళ్ళో ఉన్న భార్య ఫోన్ నంబరు, మెడికల్ రిపోర్టులు. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి అప్పు చేసి ఇక్కడికి వచ్చినవాళ్ళవి అవి. ఆ కాగితాలు తప్పుడు చేతుల్లో పడితే, వాళ్ళ పేరు మీద సిమ్ తీసుకోవచ్చు, అప్పుకి దరఖాస్తు పెట్టొచ్చు, ఊళ్ళో ఉన్న భార్యకి "మీ ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, వెంటనే డబ్బు పంపండి" అని ఫోన్ చేయొచ్చు. నష్టం ఆఫీసుది మాత్రమే అయితే వేరే మాట. ఇక్కడ నష్టపోయేది తన కాగితం ఏ కంప్యూటర్లో ఉందో కూడా తెలియని మనిషి.

నేను చదివింది బి.ఎస్సీ., మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. పెళ్ళయి సౌదీ వచ్చాక ఉద్యోగం చేయలేదు. ఈ మధ్య మాకు బాగా దగ్గరైన ఒక అక్క, వాళ్ళాయన ఆఫీసు లెక్కలు చూసుకునే ఆవిడ, "కొత్తగా ఫైర్‌వాల్ పెట్టిస్తున్నాం, టెక్నీషియన్ ఏదేదో అడుగుతున్నాడు, కాస్త పక్కన కూర్చోవే" అంటే వెళ్ళాను. రెండు వారాలు ఆ పని దగ్గరుండి చూశాక నాకు అర్థమైంది ఇది: ఫైర్‌వాల్ అంటే కొనుక్కొచ్చే పెట్టె కాదు. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చు అనే నిర్ణయాల జాబితా. ఆ జాబితా టెక్నీషియన్‌కి తెలియదు. ఆఫీసు ఎలా నడుస్తుందో తెలిసిన మనిషికే తెలుసు. చాలా చిన్న ఆఫీసుల్లో ఆ మనిషి లెక్కలు చూసే ఆవిడే.

ఇంతకీ అది చేసే పనేమిటి?

ఇంటర్నెట్‌లో వెళ్ళే సమాచారమంతా చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుంది. ప్రతి పొట్లం మీద నాలుగు ముఖ్యమైన వివరాలుంటాయి: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ ద్వారం నుంచి, ఏ ద్వారానికి. ఈ ద్వారాలనే పోర్టులు అంటారు. వాటి నంబర్లు 65535 వరకు ఉంటాయి. మనం బ్యాంకు సైటు తెరిస్తే పొట్లాలు 443 కి వెళ్తాయి. సైటు పేరుని అంకెల అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ 53 లో ఉంటుంది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునేది 445 లో. దూరం నుంచి కంప్యూటర్ తెర చూసే రిమోట్ డెస్క్‌టాప్ 3389 లో.

ఫైర్‌వాల్ ప్రతి పొట్లం మీద చిరునామా చదివి, తన దగ్గరున్న జాబితాతో పోల్చి, పోనివ్వాలో ఆపాలో తేలుస్తుంది. అంతేకాదు, లోపలివాళ్ళు ఎవరితో మాట మొదలుపెట్టారో గుర్తుపెట్టుకుంటుంది. మన బిల్డింగుల్లో ఉండే హారిస్‌ని తలుచుకోండి. మీరు హంగర్‌స్టేషన్‌లో బిర్యానీ చెప్పారు. డెలివరీ అబ్బాయి వస్తే హారిస్ పైకి పంపిస్తాడు, ఎందుకంటే పిలిచింది మీరు. ఎవరూ పిలవకుండా వచ్చి "మూడో అంతస్తుకి వెళ్ళాలి" అనేవాణ్ణి గేటు దగ్గరే ఆపుతాడు. ఫైర్‌వాల్ కూడా అంతే. లోపలి నుంచి అడిగినదానికి వచ్చే జవాబుని రానిస్తుంది, పిలవని పేరంటాన్ని ఆపేస్తుంది.

మన పక్కనే జరిగినవి

2012 ఆగస్టు 15. రంజాన్ నెల చివరి రోజులు. ఉద్యోగులు చాలామంది సెలవుల్లో ఉన్నారు. మా ఖోబర్ పక్కనే ఉన్న ధహ్రాన్‌లో, సౌదీ ఆరామ్‌కో కంప్యూటర్లలో షమూన్ అనే వైరస్ పని మొదలుపెట్టింది. సుమారు 30,000 కంప్యూటర్ల డిస్కులు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా నూనె తీయడం ఆగలేదు. కారణం, ఉత్పత్తిని నడిపే నెట్‌వర్కు ఆఫీసు కంప్యూటర్ల నెట్‌వర్కు నుంచి విడిగా ఉండటం. ఒక గదికి నిప్పంటుకున్నా పక్క గదికి పాకలేదన్నమాట. అదే షమూన్ 2016 నవంబరులో కొత్త రూపంలో మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని గురువారం రాత్రి పేలేలా అమర్చారు. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి, ఆదివారం దాకా ఎవరూ చూడరని లెక్క.

మన వైపు సంగతి కూడా చెప్పాలి. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నిటిని కూడా పట్టుకుంది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే రకం అది. అది కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకింది పైన చెప్పిన 445 ద్వారం నుంచే. దానికి మందు, అంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్, రెండు నెలల ముందే మార్చి 14న వచ్చింది. బయటి నుంచి 445 మూసి ఉంచి, అప్‌డేట్ వేసుకున్నవాళ్ళకి ఆ శుక్రవారం మామూలు శుక్రవారంలాగే గడిచింది.

పెద్ద సంస్థల కథలు మనకెందుకు అనిపించవచ్చు. ఇలాంటి వైరస్‌లు ఆఫీసు పెద్దదా చిన్నదా అని చూడవు. ఇంటర్నెట్ అంతా వరసగా తలుపులు తట్టుకుంటూ పోతాయి. ఏ తలుపు తెరుచుకుంటే అక్కడ దూరతాయి.

ముందు కాగితం

టెక్నీషియన్ వచ్చేముందు అక్కా నేనూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఆఫీసులో నెట్‌వర్కుకి తగిలించిన ప్రతి వస్తువూ రాశాం. కంప్యూటర్లు ఐదు, ప్రింటర్ ఒకటి, కెమెరాల రికార్డర్ ఒకటి, బయోమెట్రిక్ హాజరు యంత్రం ఒకటి, ఆఫీసు ఫోన్లు మూడు. "అంతే" అంది అక్క. కాసేపయ్యాక, టీ గదిలో గోడకున్న స్మార్ట్ టీవీ, డ్రైవర్లు వాడుకునే వైఫై గుర్తొచ్చాయి. ఇంట్లో సరుకుల చీటీ రాసినట్టే, మొదటిసారి ఎప్పుడూ పూర్తి కాదు. ఒక రోజంతా పక్కన పెట్టుకుని, గుర్తొచ్చినప్పుడల్లా కలపాలి.

తర్వాత ఒక్కో వస్తువు ఎదురుగా, అది ఎవరితో మాట్లాడాలో రాశాం. లెక్కల కంప్యూటర్‌కి బ్యాంకు కావాలి, మెయిలు కావాలి, జకాత్, పన్నుల శాఖ జట్కా వారి ఈ-ఇన్‌వాయిస్ వ్యవస్థ కావాలి. (2021 డిసెంబరు 4 నుంచి చేతిరాత బిల్లులు చెల్లవు. 2023 జనవరి నుంచి ఒక్కో విడతగా వ్యాపారాలను నేరుగా ఆ వ్యవస్థకి కలుపుతున్నారు. కాబట్టి అనుకోకుండా ఈ దారి మూసేస్తే మన బిల్లులే ఆగిపోతాయి.) ప్రింటర్‌కి ఇంటర్నెట్‌తో పనేముంది? లేదు. కెమెరాలకి? రికార్డర్‌తో తప్ప ఎవరితోనూ లేదు. డ్రైవర్ల ఫోన్లకి ఇంటర్నెట్ కావాలి, ఆఫీసు కంప్యూటర్లు అక్కర్లేదు.

అసలు పనిలో సగం అక్కడే అయిపోయింది.

నాలుగు గదులు

ఆఫీసంతా ఒకే నెట్‌వర్కు మీద ఉంటే, టీవీలో దూరినవాడు లెక్కల కంప్యూటర్ దాకా నడిచి రావచ్చు. అందుకే ఒకే పెట్టెలో నెట్‌వర్కును విడి విడి గదులుగా చేస్తారు. వీటిని వీల్యాన్ అంటారు. మేము నాలుగు చేయించాం. ఆఫీసు కంప్యూటర్లు, ఆఫీసు ఫోన్లు ఒక గది. ప్రింటర్, హాజరు యంత్రం ఒకటి. కెమెరాలు ఒకటి. అతిథులు, డ్రైవర్లు, టీవీ ఒకటి. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే ఫైర్‌వాల్ ముందు నుంచే వెళ్ళాలి. ఇందుకు మామూలు స్విచ్ సరిపోదు, వీల్యాన్ చేయగల మేనేజ్డ్ స్విచ్ కావాలి. కొనేముందే అడగండి.

ఇంటర్నెట్ కంపెనీ రౌటర్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. దాని వెనక ఫైర్‌వాల్ తగిలిస్తే, రెండూ ఒకే పని చేయబోయి చిక్కులొస్తాయి. రౌటర్‌ని బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టమని కంపెనీని అడిగితే, అది కేవలం దారిగా ఉండి, కాపలా పని ఫైర్‌వాల్‌కి వదిలేస్తుంది. రౌటర్‌లోని వైఫై కూడా ఆపేయాలి. లేకపోతే ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసి ఉంచినట్టే.

నియమాలు, వాటి వరస

గదులయ్యాక నియమాలు. మా కాగితం మీద చివరికి తేలినవి ఇవి:

1. ఆఫీసు, అతిథుల గదుల నుంచి ఫైర్‌వాల్‌ని డీఎన్ఎస్ అడగడానికి: సరే.
2. ఆఫీసు కంప్యూటర్ల నుంచి ప్రింటర్‌కి, హాజరు యంత్రానికి: సరే.
3. లెక్కల కంప్యూటర్ ఒక్కదాని నుంచి కెమెరా రికార్డర్‌కి: సరే.
4. ఏ గది నుంచైనా ఇంకో గదికి: వద్దు.
5. ఆఫీసు నుంచి ఇంటర్నెట్‌కి, వెబ్, మెయిలు పోర్టులకి: సరే.
6. అతిథుల నుంచి ఇంటర్నెట్‌కి: సరే.
7. మిగతావన్నీ, ఎటు నుంచి ఎటైనా: వద్దు. ఆపినవి చిట్టాలో రాయి.

ఏడోదే అసలు సూత్రం. చెడ్డవాటి జాబితా రాసి వాటిని ఆపడం కాదు, ఎందుకంటే చెడ్డవాటికి అంతుండదు. కావలసినవి రాసుకుని, మిగతావన్నీ మూసేయడం. కెమెరాలు, ప్రింటర్ ఇంటర్నెట్‌కి వెళ్ళకూడదని మేము విడిగా రాయనే లేదు. జాబితాలో లేవు కాబట్టి ఏడోది వాటిని ఆపేస్తుంది.

వరస మరీ ముఖ్యం. ఫైర్‌వాల్ పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపోలిన నియమం దగ్గర ఆగిపోతుంది. కింద ఏముందో చూడదు. ఆరోదాన్ని నాలుగోదానికి పైన పెట్టామనుకోండి. చాలా పెట్టెల్లో ఇంటర్నెట్‌కి అని రాయాలంటే "ఎక్కడికైనా" అని రాస్తారు. అప్పుడు డ్రైవర్ ఫోన్ ఆఫీసు కంప్యూటర్‌కి వెళ్ళినా "ఎక్కడికైనా సరే అన్నారు కదా" అని వదిలేస్తుంది. నియమాలన్నీ ఉన్నాయి, కాపలా మాత్రం లేదు.

మొదటిదాన్ని మర్చిపోతే ఇంకో తమాషా. అంతా సరిగా ఉన్నా ఏ సైటూ తెరుచుకోదు. పేరుని అడ్రసుగా మార్చేవాడు లేడు కదా! "ఫైర్‌వాల్ పెట్టాక నెట్ రావడం లేదు" అని చాలామంది దాన్ని పీకేయడానికి ఇదో కారణం. అలాగే వీడియో కాల్స్ 443 ఒక్కదానితో సరిపెట్టుకోవు. మొదటి వారం చిట్టా చూస్తూ, పనికి కావలసినదేదో ఆగిపోతే ఆ ఒక్కటీ తెరవాలి. విసిగిపోయి "అన్నీ సరే" అని పైన ఒక నియమం పెట్టేస్తే మిగతా కాగితమంతా దండగ. సౌదీలో ఐపీవీ6 వాడకం బాగా ఉంది కాబట్టి, ఇవే నియమాలు దానికీ పెట్టారో లేదో టెక్నీషియన్‌ని అడగడం మర్చిపోకండి.

బయటి నుంచి లోపలికి

చిన్న ఆఫీసుల కొంప ముంచేది సాధారణంగా ఇదే. "ఇంటి నుంచి కెమెరా చూసుకోవాలి", "సెలవులో ఊరెళ్ళినా లెక్కల సాఫ్ట్‌వేర్ తెరవాలి" అంటారు. అప్పుడు ఎవరో వచ్చి పోర్ట్ ఫార్వర్డింగ్ అని ఒక కిటికీ తెరిచి పోతారు. అక్క వాళ్ళ ఆఫీసులో కూడా అంతకుముందెప్పుడో కెమెరాలు బిగించినవాళ్ళు అలాగే తెరిచారు. రికార్డర్ పాస్‌వర్డ్ పెట్టెలో నుంచి తీసినప్పుడు ఏదుందో అదే ఉంది. అంటే ఆ ఆఫీసు గది ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. 2016లో మిరాయ్ అనేది సరిగ్గా ఇలాంటి మార్చని పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లను తన గుప్పిట్లోకి తెచ్చుకుంది.

మేము ఆ కిటికీలన్నీ మూయించాం. యంత్రాలు తమంతట తామే కిటికీ తెరుచుకునే యూపీఎన్‌పీ అనే సదుపాయం కూడా ఆపించాం. బదులుగా వీపీఎన్ ఒక్కటి. అక్క ఫోన్‌కి, బావగారి ల్యాప్‌టాప్‌కి విడి విడి తాళంచెవులు. బయటి నుంచి తెరిచి ఉన్నది ఆ ఒక్క ద్వారమే. చెవి లేనివాడు తట్టినా జవాబు రాదు. ఫోన్ పోతే ఆ ఒక్క చెవి రద్దు చేస్తే చాలు.

ఒక మాట. సొంత ఆఫీసులోకి రావడానికి పెట్టుకునే వీపీఎన్ వేరు, ఇక్కడ ఆపేసిన సైట్లు చూడటానికి కొందరు వాడేది వేరు. ఈ దేశంలో 2007 నుంచి సైబర్ నేరాల చట్టం ఉంది. ఆఫీసు పెట్టెను రెండో పనికి వాడనివ్వకండి.

పరీక్ష, తారీఖు, తాళంచెవి

అంతా అయ్యాక నమ్మకం మీద వదిలేయకూడదు. అతిథి వైఫైలో ఫోన్ పెట్టి ప్రింటర్ అడ్రసు కొట్టి చూశాం, రాలేదు. వైఫై ఆపి మొబైల్ డేటా మీద కెమెరా తెరవబోయాం, రాలేదు. వీపీఎన్ వేశాక వచ్చింది. రానివి రాకపోవడం కూడా పరీక్షే.

పెట్టెలో గడియారం రియాద్ సమయానికి పెట్టించాలి. లేకపోతే చిట్టాలో ఏది ఎప్పుడు జరిగిందో పోల్చుకోలేం. మొత్తం అమరికని ఒక ఫైలుగా దింపుకుని విడిగా దాచాలి. పెట్టె కాలిపోతే కొత్తదాంట్లో ఎక్కించుకోవచ్చు. అప్‌డేట్లకి నెలకో తారీఖు పెట్టుకోవాలి. కొన్ని పెట్టెలకి ఏడాదికోసారి లైసెన్సు డబ్బు కట్టాలి, ఆ ఖర్చు ముందే అడిగి రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అడ్మిన్ పాస్‌వర్డ్ టెక్నీషియన్ దగ్గర మాత్రమే ఉండకూడదు. పని అయ్యాక అతని ముందే మార్చుకోవాలి. "నా మీద నమ్మకం లేదా మేడమ్?" అన్నాడు ఆ అబ్బాయి. "నీ మీద ఉంది బాబూ. రేపు నీ చోట ఎవరొస్తారో తెలియదు కదా" అంది అక్క. నవ్వేసి తనే మార్చే చోటు చూపించాడు.

అది చేయలేనివి

ఫైర్‌వాల్ హారిస్ లాంటిదన్నాను. మీరే తలుపు తీసి దొంగని లోపలికి రమ్మంటే హారిస్ ఏం చేస్తాడు? "మీ పార్సిల్ ఆగింది", "మీ అబ్‌షర్ ఖాతా నిలిపివేశారు" అని వచ్చే లింకు మీద నొక్కి ఓటీపీ చెప్పేస్తే, ఆ పొట్లాలు చక్కగా 443 నుంచే, మన అనుమతితోనే వెళ్తాయి. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ ఫైర్‌వాల్ ముందు నుంచి రాదు. అందుకే ఆ ఫోల్డర్‌కి ఇంకో రెండు రక్షణలు కావాలి. ఒకటి, నెట్‌వర్కుకి తగిలించని డిస్కు మీద వారానికో కాపీ. రెండోది, అక్కర్లేనివి తీసేయడం. ఎప్పుడో పని మానేసి ఊరికి వెళ్ళిపోయిన మనిషి పాస్‌పోర్టు కాపీ ఇంకా మన దగ్గరెందుకు? చట్టం ఎన్నాళ్ళు ఉంచమంటే అన్నాళ్ళు ఉంచి, ఆపైన తీసేయాలి. లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఇది మంచితనం మాత్రమే కాదు. సౌదీ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 సెప్టెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. సర్దుకోవడానికి ఇచ్చిన ఏడాది గడువు 2024 సెప్టెంబరు 14తో ముగిసింది. ఉల్లంఘనకి జరిమానా 50 లక్షల రియాళ్ళ దాకా ఉండొచ్చు. చిన్న ఆఫీసు అని మినహాయింపు ఉంటుందనుకోకండి.

మీలో చాలామంది ఇక్కడా, దుబాయ్‌లోనో, డాలస్‌లోనో ఇలాంటి చిన్న ఆఫీసు లెక్కలు చూస్తుంటారు. "నాకు కంప్యూటర్లు తెలియవు, అవన్నీ ఆయన చూసుకుంటారు" అనకండి. ఏ డ్రైవర్ ఏ రోజు వస్తాడో, ఏ బిల్లు ఎక్కడికి వెళ్తుందో, ఎవరి కాగితాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో మీకు తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే కష్టమైన పని. అంకెలు నొక్కడానికి మనిషి దొరుకుతాడు.

అక్క ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బిల్లుల ఫైలు పక్కనే ఉంచింది. పైన తారీఖు వేసింది. కింద ఒక వరుస ఖాళీ వదిలింది. పోయిన వారం ఆఫీసుకి కొత్త ప్రింటర్ వచ్చింది. టెక్నీషియన్‌కి ఫోన్ చేసేముందు, ఆ ఖాళీ వరుసలో దాని పేరు రాసి, ఎదురుగా "ఇంటర్నెట్ వద్దు" అని రాసుకుంది.